చిత్రమును చెరుగుట, చెరుపుట

గుమ్మలక్ష్మీపురము చుట్టునున్న కొండలలో చోళ్లు, సామలు పండించు ఇండ్లలో చేట లేని ఇల్లుండదు. చెరుగుట నేర్పుతో కూడిన పని. విసురు చాలనిచో పొట్టు మిగులును; విసురు మించినచో పొట్టుతోపాటు గింజయు నేలపాలగును. గింజ ఎంత సన్ననిదైన, చేతికి అంత ఓర్పు కావలెను. పాత చలనచిత్రములను ఇంట చూచుకొనుటకు వీలుగా డిస్కుల మీదికి ఎక్కించువారి పనియు ఇట్టిదే. ఆ పనిలో పొట్టు ఏదో గింజ ఏదో తెలియక విసరిన విసురునకు కొన్ని గొప్ప చిత్రములు ఎట్లు నష్టపడినవో, ఆ పద్ధతి ఎక్కడ పుట్టినదో, మన తెలుగు చిత్రములకు దానితో గల సంబంధమేమో ఈ ప్రసంగమున విచారింతము.

రేడియో గల ఇంటివారికి రొదను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. కొండమీద మెరుపు మెరసినచో మీడియం వేవుపై చిటపటలు వినవచ్చును. రాత్రివేళ దూరపు కేంద్రమును పట్టబోయినచో గరగర మొదలగును. దానిని భరింపలేక కొందరు టోను మీటను చివరివరకు త్రిప్పివేయుదురు. గరగర తగ్గును. కాని దానితోపాటు మాటలోని స, శ, ష అను అక్షరములు మొద్దుబారును. వీణ తీగమీద గోటి మీటు వినబడదు. గాయకుడు కంబళి కప్పుకొని పాడుచున్నట్లుండును. రొద ఉన్న స్థాయియందే మాటలోని సన్నని ధ్వనులును ఉండుట ఇందుకు కారణము. ఒకదానిని తోసినచో రెండవదియు పడిపోవును.

ఈ చిక్కును గుర్తెరిగినవారిలో రే డాల్బీ అను అమెరికా ఇంజనీరు ఒకడు. ఆయన 1965లో లండనునందు తన సంస్థను స్థాపించి, టేపుమీది బుసను తగ్గించుటకు తెలివైన ఉపాయమును పన్నెను. రికార్డు చేయునపుడే మెల్లని ధ్వనులను పెంచి, వినిపించునపుడు వానిని అంతే మేరకు తగ్గించుట ఆ ఉపాయము. ధ్వనితోపాటు నడుమ చేరిన బుసయు తగ్గిపోవును. ధ్వని మాత్రము యథాస్థితికి వచ్చును. ఎంత పెంచినది ముందే తెలియును గనుక ఇందులో ఊహకు తావు లేదు. పాత చిత్రముల విషయమున ఈ సౌకర్యము లేదు. 1957లో తీసిన చిత్రమును యాబది ఏండ్ల తరువాత శుభ్రపరచువానికి, ఇది బొమ్మ, ఇది రొద అని వేరుపరచి చెప్పు గుర్తేదియు ఫిల్ముమీద ఉండదు. యంత్రము ఊహింపవలసినదే. కథ అంతయు ఆ ఊహ దగ్గరనే మొదలైనది.

దృశ్యములోని రొదను తగ్గించు విద్యకు పేరు తెచ్చిన ఘట్టము చంద్రమండలమున జరిగినది. 1972 ఏప్రిలులో అపోలో 16 యాత్రికులు చంద్రునిపై తిరుగుచుండగా అచ్చటినుండి వచ్చిన టెలివిజన్ బొమ్మలు చుక్కలతోను మసకతోను నిండియుండెను. కాలిఫోర్నియాలో జాన్ లౌరీ నడిపిన ఇమేజ్ ట్రాన్స్‌ఫార్మ్ అను సంస్థ వానిని అప్పటికప్పుడు తేటపరచి అందించెను. ఇందలి సూత్రము సులభమైనది. వరుసగా వచ్చు బొమ్మలను ఒకదానితో నొకటి పోల్చవలెను. అన్నిటను నిలిచియున్నది దృశ్యము. ఒకదానిలో కనబడి మరుక్షణమున మాయమైనది రొద. నిలిచినదానిని ఉంచి, మెరసి పోయినదానిని తీసివేసినచో బొమ్మ తేటపడును. చంద్రునినుండి వచ్చిన బొమ్మలలోని చుక్కలు దారిలో చేరినవే. అవి నిజముగా పొట్టే. అచ్చట చేట తన పని తాను సక్రమముగా చేసినది.

ఫిల్ముమీది బొమ్మ సంగతి వేరు. ఫిల్ముపై పూసిన జిలటిను పొరలో వెండి లవణముల స్ఫటికములు కోట్ల కొలదిగా ఉండును. అవి మిల్లీమీటరులో సుమారు వెయ్యవ వంతు పరిమాణము గలవి. వెలుగు సోకినవి రసాయనములలో కడిగినపుడు నల్లని వెండి రేణువులగును. రేణువులు దట్టముగా నున్నచోట నలుపు, పలుచగా నున్నచోట బూడిదవన్నె. రంగుల ఫిల్ములో వెండి కడకు తొలగి, దాని స్థానమున రంగు మరకలు మాత్రము మిగులును. నాయిక కనురెప్ప గాని, నాయకుని నుదుటి ముడుత గాని ఈ రేణువులతో ఏర్పడినదే. రేణువులకు వెనుక వేరొక బొమ్మ దాగి ఉండి, అవి ముసుగువలె దానిని కప్పుచున్నవని తలచుట పొరపాటు. రేణువులు పోయినచో బొమ్మ పోయినట్లే.

ఐతే ఒక చిక్కు కలదు. సెకండునకు 24 బొమ్మలు చొప్పున సాగు చిత్రములో ఏ రెండు బొమ్మలలోను రేణువుల అమరిక ఒక్కటిగా ఉండదు. మూడు గంటల చిత్రములో 2,59,200 బొమ్మలుండును. ప్రతిదానియందును రేణువులు కొత్త చోట్ల నుండును. సినిమాహాలులో తెర సజీవముగా కదలుచున్నట్లు తోచుటకు ఈ మార్పే ఒక కారణము. కాని పోల్చి చూచు యంత్రమునకు ఇది చంద్రమండలపు చుక్కవలెనే కనబడును. మెరసి మాయమైనది కనుక తొలగింపదగినదని అది నిర్ణయించును. రొదకు కల్పించిన శిక్ష ఈ విధముగా రేణువునకు పడినది.

ఇంటింటి వీడియో చరిత్ర ఈ శిక్షను మరింత కఠినము చేసినది. జపానులో 1976లో వెలువడిన వీహెచ్ఎస్ క్యాసెట్టు, 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో మన దేశమునకు రంగుల టెలివిజన్ వచ్చిన తరువాత, తెలుగునాట పట్టణముల నుండి పల్లెలకు ప్రాకినది. 1993లో రూపొందిన వీసీడీలో ఒక్కొక్క బొమ్మకు 352 అడ్డు, 288 నిలువు, అనగా సుమారు లక్ష చుక్కలు. అంత ముతక జల్లెడలో వెండి రేణువు నిలుచుట కల్ల. 1996లో జపానులో మొదలైన డీవీడీలో మన దేశపు పద్ధతి ప్రకారము నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. 2006లో వచ్చిన బ్లూరేలో సుమారు 20 లక్షలు. ఇరువది ఏండ్లపాటు క్యాసెట్టులోను వీసీడీలోను నునుపైన ముఖములు చూచుటకు అలవాటుపడిన కన్నులకు, బ్లూరేలో మొదటిసారి ఇంట రేణువు కనబడినది. పెక్కురు దానిని డిస్కు లోపమనుకొనిరి. క్రొత్త టెలివిజన్ కొన్నవానికి తెర అద్దమువలె మెరయవలెనని కోరిక. వ్యాపారికి ఆ కోరికయే ప్రమాణము.

వేరొక కారణము లెక్కకు సంబంధించినది. వీసీడీలో దృశ్యమునకు సెకండునకు 1,150 కిలోబిట్ల చోటు మాత్రమే కలదు. బొమ్మలో మారని భాగమును మరల మరల వ్రాయక, మారినదానిని మాత్రమే వ్రాసి చోటు పొదుపు చేయుట డిజిటల్ సంకోచనపు సూత్రము. రేణువులు క్షణక్షణమును మారుచుండును గనుక వానిని వ్రాయుటకు చోటు విశేషముగా ఖర్చగును. ముందుగనే వానిని తుడిచివేసినచో చిత్రమంతయు చిన్న డిస్కులో ఇముడును. ఈ విధముగా సౌందర్యము పేర జరిగిన కొంత పని నిజమునకు పొదుపు కొరకు జరిగినది. 2018లో వెలువడిన ఏవీ1 అను పద్ధతిలో ఒక వింత కలదు. అది పంపుచోట రేణువులను తీసివేసి, వాని లక్షణములను మాత్రము వ్రాసి పంపి, చూచుచోట వానిని పోలిన కృత్రిమ రేణువులను మరల చల్లును. తీసివేసినది లేకున్న బొమ్మ వెలవెలబోవునని ఇంజనీర్లు ఒప్పుకొనినట్లే గదా!

హద్దు మీరిన శుభ్రతకు లోకమున ప్రసిద్ధమైన ఉదాహరణములున్నవి. ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన 'సిటిజన్ కేన్' చిత్రమున బెర్న్‌స్టీన్ అను వృద్ధుడు తన కార్యాలయములో కూర్చుండి పాత సంగతులు చెప్పు ఘట్టము కలదు. అతని వెనుక కిటికీ వెలుపల వాన కురియుచుండును. 2001లో అమెరికాలో విడుదలైన డీవీడీలో ఆ వాన లేదు! యంత్రము వానచినుకును రేణువుగా భ్రమించి తుడిచివేసినది. 2011లో వచ్చిన బ్లూరేలో వాన తిరిగి కురిసినది. చినుకు పడును, మాయమగును, రొదయు అంతే. ఈ రెంటికిని గల భేదమును తెలిసికొనుటకు మనిషి కన్ను కావలెను.

1970 నాటి 'పాటన్' విశాలమైన 65 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసిన చిత్రము. అంత పెద్ద నెగటివుపై రేణువులు సన్నముగా నుండి, ముఖములోని ప్రతి రేఖయు కనబడును. 2008 నాటి బ్లూరేలో సైనికుల ముఖములు మైనపు బొమ్మల ముఖములైనవి. విమర్శలు వచ్చినపిమ్మట 2012లో క్రొత్తగా తయారుచేసిన ప్రతిని విడుదల చేసిరి. 1987 నాటి 'ప్రిడేటర్' దట్టమైన అడవిలో నడచు కథ. దాని 2010 నాటి బ్లూరేలో చెమటోడ్చు వీరుల చర్మము ప్లాస్టిక్కువలె నిగనిగలాడినది. 1960 నాటి 'స్పార్టకస్' 2010లో ఇట్టి అవస్థనే పొంది, 2015లో సక్రమమైన పునరుద్ధరణను పొందినది. ఈ చిత్రములకు ఒక అదృష్టము కలదు. వాని ఫిల్ములు భద్రముగా నున్నవి. తప్పు జరిగినను తిరిగి మొదటికి పోయి దిద్దుకొనుటకు వీలైనది.

మన చిత్రములకు ఆ అదృష్టము కొద్ది. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నేడు చూచుటకు లేదు. మన దేశమున తయారైన మూకీ చిత్రములు వెయ్యికి మించినవి. వానిలో మిగిలినవి బహు కొద్ది. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో మాత్రమే ఏర్పడినది. 2003 జనవరిలో అచ్చట జరిగిన అగ్నిప్రమాదమున పాత నైట్రేట్ ఫిల్ములనేకము దగ్ధమైనవి. సముద్రపు ఉక్కలో దాచిన ఫిల్ములకు బూజు పట్టును. ఎసిటేటు ఫిల్ము పులిసి, పుల్లని వాసన వేసి, ముడుచుకొనిపోవును. అసలు నెగటివు లేక, ప్రింటునుండి తీసిన ప్రతికి ప్రతియే దిక్కైన సందర్భములు కలవు. అట్టిచోట ఒక తరపు రేణువులపై మరొక తరపు రేణువులు చేరి బొమ్మ ముతకబారును. కనుక శుభ్రపరచుటయే తగదని ఎవ్వరును అనరు. గీతలు, దుమ్ము, బూజు, చిరుగులు, ప్రతికి ప్రతి తీయుటచే హెచ్చిన ముతకదనము కాలము తెచ్చిన పొట్టు. దానిని ఓర్పుతో తీయవలసినదే. 1938లో ఏర్పడిన అంతర్జాతీయ చలనచిత్ర భాండాగారముల సమాఖ్య యొక్క నీతి నియమావళియు ఇట్లే చెప్పుచున్నది. కాలము, అరుగుదల కలిగించిన దోషములను తొలగింపవచ్చును గాని, మూలపు స్వభావమును గాని, చేసినవారి ఉద్దేశమును గాని మార్పరాదని దాని సారాంశము.

ఈ దృష్టితో మన 'మాయాబజార్'ను తలచుకొందము. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థ నిర్మించి, కె.వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన ఈ చిత్రము 1957 మార్చి 27న విడుదలైనది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. నౌకావిహార దృశ్యములో ఆయన సృష్టించిన వెన్నెల తెలుగువారి కన్నులలో నేటికిని నిలిచియున్నది. ఆ వెన్నెలకు రంగు లేదు. తెలుపునకు నలుపునకు నడుమనున్న బూడిదవన్నెల ఛాయలే ఆ వెన్నెల. నీటిమీదినుండి ఆకాశము వరకు ఒక ఛాయ మరొక ఛాయలోనికి తెలియకుండ కరుగుటకు ఆధారము వెండి రేణువులు. ఇట్టి దృశ్యమునుండి రేణువులను పూర్తిగా తుడిచి, పిమ్మట సంకోచింపజేసినచో, ఛాయలు కరుగుటకు మారుగా ఆకాశము మెట్లు మెట్లుగా విడిపోవును. అప్పుడది వెన్నెల గాక గోడకు వేసిన చారలవలె నుండును.

2004లో 'మొగల్-ఎ-ఆజం' రంగులలో వచ్చి విజయము పొందిన పిమ్మట, హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ 2007లో 'మాయాబజార్'తో కలిపి 14 పాత తెలుగు చిత్రముల హక్కులను తీసికొనెను. రంగులద్దిన 'మాయాబజార్' 2010 జనవరి 30న విడుదలైనది. బొమ్మను శుభ్రపరచి, రంగు వేసి, సినిమాస్కోపు తెరకు అనుగుణముగా మలచి, ధ్వనిని డీటీఎస్ పద్ధతిలో సమకూర్చిరి. ఈ ప్రయత్నము వలన నలుపు తెలుపు చిత్రమనగానే ముఖము త్రిప్పుకొను తరము సినిమాహాలునకు వచ్చి ఘటోత్కచుని చూచినది. అది చిన్న మేలు కాదు. కాని బార్ట్‌లే తీసిన చిత్రము, రంగులద్దిన చిత్రము రెండు వేరు వస్తువులు. రెండవది ఉండవచ్చును, మొదటిదాని స్థానమును అది ఆక్రమింపరాదు. తాతగారి ఛాయాచిత్రమును చూచి చిత్రకారునిచేత రంగుల పటము వ్రాయించుకొందుము. అంతమాత్రమున ఆ ఛాయాచిత్రమును పారవేయుదుమా?

ఇటీవలి సంవత్సరములలో మంచి మార్పు కానవచ్చుచున్నది. ఫిల్ము హెరిటేజ్ ఫౌండేషన్ అను సంస్థ 2019 డిసెంబరులో హైదరాబాదునందు ఫిల్ముల పరిరక్షణలో శిక్షణ తరగతులు నడిపినది. కె. విశ్వనాథ్ గారి 'శంకరాభరణము' పునరుద్ధరింపబడి 2022లో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతి సందర్భమున 1953 నాటి 'దేవదాసు' 4కె ప్రతి 2024లో అచ్చటనే ప్రదర్శింపబడినది. బి.ఎస్. రంగా ఛాయాగ్రహణములోని చీకటి వెలుగులు లేనిదే ఆ విషాదము లేదు. 4కె అనగా బొమ్మకు సుమారు 83 లక్షల చుక్కలు. వెండి రేణువును ఉన్నదున్నట్లు పట్టగల సాధనము ఇప్పుడు చేతికి వచ్చినది. ఇంతకాలము జల్లెడ ముతకదని సాకు చెప్పితిమి. ఇకమీదట ఆ సాకు చెల్లదు.

మన్యపు వాసులకు ఈ విషయమున ప్రత్యేకమైన ఆసక్తి ఉండదగును. 1974 మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రము. అందలి అడవి దృశ్యములను వి.ఎస్.ఆర్. స్వామిగారు చింతపల్లి ప్రాంతమున చిత్రించిరి. చింతపల్లి గుమ్మలక్ష్మీపురమునకు దూరమైనను, రెండును తూర్పు కనుమల వరుసలోనివే. ఆకుల గలగల, లోయలోని మంచు, నిప్పురవ్వలు, రేగిన దుమ్ము ఇట్టి చిత్రములకు ప్రాణము. యంత్రము మొట్టమొదట పొరబడునది సరిగా వీనియందే. పొగమంచును మసకయనుకొనును, ఆకుల గుంపును రొదయనుకొని పచ్చని ముద్దగా చేయును, ఎగిరిన నిప్పురవ్వను మచ్చయనుకొని తుడిచివేయును. గదిలో తీసిన సన్నివేశము కొంత ఓర్చుకొనును గాని, అడవి ఓర్చుకొనదు. కొండలను కొండలుగా చూపిన ఫిల్ములు కొద్ది. వానియందును కొండ నునుపుదేరినచో రేపటివారికి మిగులునదేమి?

ఇది సినిమాలకు మాత్రమే సంబంధించిన మాట కాదు. పాత పెండ్లి క్యాసెట్టును డిజిటల్ ప్రతిగా మార్పించుకొను కుటుంబములనేకము. దుకాణములో "క్లీన్ చేయమందురా?" అని అడుగుదురు, మనము సరే అందుము. వధూవరుల చేతులనుండి జారు తలంబ్రాలు ఒక బొమ్మలో ఒకచోట, మరుబొమ్మలో వేరొకచోట నుండును. యంత్రపు దృష్టిలో అవి దుమ్ము. విసురు మించినచో తలంబ్రాలు పలుచబడును. అమ్మమ్మ ముఖములోని ముడుతలు, ఆమె గడ్డముమీది పచ్చబొట్టు చుక్కలు కరగిపోవును. సవరల ఇండ్లలో ఎర్రమట్టి గోడపై బియ్యపు పిండితో వ్రాయు ఇడితాల్ చిత్రమును తలచుకొనుడు. సన్నని తెల్లని గీతలతో మనుషులు, ఏనుగులు, నెమళ్లు, చెట్లు అందు కూర్చబడియుండును. గోడ గరుకుదనము ఆ గీతలో కలిసియుండును. దానిని వీడియో తీసి, ఆ వీడియోను అతిగా శుభ్రపరచినచో గీత మొద్దుబారును, గోడ ప్లాస్టిక్కు రేకగును. ఆ గోడ కూలి, ఆ చిత్రము వ్రాసిన చేయి పోయిన తరువాత, మనుమలకు మిగులు సాక్ష్యము ఆ వీడియో ఒక్కటే. ఇప్పటి సెల్‌ఫోనులు అడుగకయే ముఖములను నునుపు చేయుచున్నవి గనుక ఈ జాగ్రత్త మరింత అవసరము.

గృహస్థులు చేయదగిన పనులు సులభమైనవే. క్యాసెట్టును గాని, పాత ఫిల్మును గాని డిజిటల్ ప్రతిగా మార్పించునపుడు, ఏ సవరణయు చేయని ప్రతి నొకదానిని ముందుగా తీయించి వేరుగ దాచవలెను. శుభ్రపరచిన ప్రతి కావలెనన్నచో దానికి నకలు తీసి, ఆ నకలుపైననే చేయింపవలెను. పని ముగిసిన పిమ్మట మూలపు క్యాసెట్టును పారవేయరాదు. రేపు ఇంతకంటె మంచి సాధనము రావచ్చును. రెండు ప్రతులను ప్రక్క ప్రక్కన పెట్టి జుట్టు, చీర నేత, వాన, పొగ, పచ్చబొట్టు అను వానిని పోల్చి చూచినచో హద్దు ఎక్కడ దాటినదో ఎవ్వరికైనను తెలియును. ఇక టెలివిజన్ సంగతి. నేటి టెలివిజన్లలో చిత్రము అమరికలలో రొద తగ్గించు మీట ఒకటి ఉండును. కొన్నిటిలో 2019లో ప్రకటింపబడిన 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అను ఏర్పాటు కలదు. దానిని ఎంచుకొనినచో ఇట్టి సవరణలు ఆగిపోవును. పాత చిత్రము చూచునపుడు ఆ మీటలను ఆపి చూడుడు. మొదట కొంత గరుకుగా తోచును. కొద్దిసేపటికి కన్ను అలవాటుపడి, ఆ గరుకులోనుండియే ముఖము, వెన్నెల, వాన కనబడును.

చెరుగుట, చెరుపుట అను రెండు మాటలకు మన భాషలో భేదము ఒక్క అక్షరమే. మొదటి పనికి చేయి కావలెను. రెండవది కాకుండుటకు కన్ను కావలెను. యంత్రము మనకు వేగమైన చేతిని ఇచ్చినది. ఏది ఉంచవలెనో నిర్ణయించు కన్నును మాత్రము దానికి అప్పగింపరాదు.